మార్జిన్‌లో బూటు బొమ్మ

పశువుల ఆసుపత్రి, వెనక గది
వానలు మొదలైన వారం

వదినకి,

నేను ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది. ఒక్క ఉత్తరం ముక్క రాయలేదని అన్నయ్య మూతి ముడుచుకున్నాడట. చేతులు వణికే మనిషి ఉత్తరాలెలా రాస్తుందని అడుగు.

ఆ కాగితం ఇంకా నా పెట్టె అడుగునే ఉంది. "చేతిలో నిలకడ లేనందున ఈ పనికి తగదు" అని మన పరిశోధనశాల పెద్ద, బూట్లాయన, సంతకం పెట్టి ఇచ్చిన కాగితం. మనందరం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికెళ్ళే ఎలుకల గదిలోకి, ఏనాడూ బూట్లు విప్పకుండా నడిచొచ్చిన పెద్దమనిషి నిలకడ గురించి రాశాడు.

పదిహేడేళ్ళు ఆయన ఎలుకల అరికాళ్ళకి నైలాన్ పోగులు ఆనించాను. పన్నెండు పోగులు. మొదటిది ఈగ వాలినట్టు, పన్నెండోది ముల్లు గుచ్చినట్టు. జల్లెడ మీద ఎలుకని నిలబెట్టి, కింది నుంచి పోగు వంగేదాకా నొక్కి, ఎన్నో పోగుకి కాలు ఎత్తిందో పుస్తకంలో రాయాలి. మామూలు ఎలుక ఆరో పోగుకే కాలు లాక్కునేది. చర్మం కింద క్యాన్సర్ గడ్డ పెరుగుతున్న ఎలుక తొమ్మిదో పోగుదాకా ఊరుకునేది. ఆ తేడా మొదట కనిపెట్టింది నా చెయ్యి. దానికి పేరొచ్చింది ఆయనకి. ఈ గడ్డల పని మొదలెట్టిన రెండో ఏడు ఆ తేడా కనిపించడం మానేసేసరికి, నువ్వూ, పంజరాలు కడిగే మిగతా వాళ్ళూ చూస్తుండగా నా మణికట్టు పట్టుకుని పైకెత్తి, "తప్పు ఇక్కడుంది" అన్నాడు. నువ్వు తల దించుకున్నావు. నేను దించుకోలేదు, అందుకే నీ మొహం చూశాను.

ఇక్కడ నా పని ఊడ్చడం, పశువుల్ని కదలకుండా పట్టుకోవడం. డాక్టరమ్మ మంచిది, అరవదు. నేను ఎక్కడినుంచి వచ్చానో తెలిసి, గడ్డకీ నొప్పికీ ఏమిటి సంబంధం అని అడిగింది. ఆయన వచ్చినవాళ్ళకి చెబుతుంటే విన్నదే చెప్పాను. గడ్డలో కణాలు ఊరికే పెరగవు, చుట్టుపక్కల వాటికి కబుర్లు పంపుతాయి. చర్మంలో గడ్డ ఒక పదార్థం వదులుతుంది. అది వెళ్ళి నరం తలుపుకి గడియ పెట్టినట్టు కూర్చుంటుంది, ఇక నొప్పి వార్త లోపలికి పోదు. ఎముకలో గడ్డ సరిగ్గా దీనికి తిరగేసి పనిచేస్తుంది. అది నరాన్ని రెచ్చగొడుతుంది, గాలి తగిలినా ప్రాణం పోయినట్టు ఉంటుంది. "నువ్వు ఊడ్చే మనిషివి కాదు" అందావిడ. అవునని చెప్పి చీపురు తీసుకున్నాను.

నా బదులు ఎవరిని పెట్టుకున్నాడు? తేడా మళ్ళీ కనిపిస్తోందా? అది ఒక్కటీ రాయి. మిగతా క్షేమాలు తర్వాత.

వణుకు చేతుల మరదలు

*

పంజరాలు కడిగే గది
బుధవారం, భోజనాల వేళ

పోగుల మరదలికి,

అమ్మయ్య, బతికే ఉన్నావు. మీ అన్నయ్య ఉత్తరం మూడుసార్లు చదివి, "దానికి కోపం తగ్గలేదు" అన్నాడు. ఆ మాత్రం తెలియడానికి మూడుసార్లు చదవాలా అన్నాను.

నీ బదులు మీసాలాయన వచ్చాడు. వేరే ఊళ్ళో ఇదే పని చేశాడట. మంచి మనిషే, ఎలుకల్ని "ఏమమ్మా" అని పలకరిస్తాడు. చెయ్యి బండలా ఉంటుంది, వణకదు. అయినా ఏం లాభం? గడ్డ ఉన్న ఎలుకా ఎత్తదు, లేని ఎలుకా ఎత్తదు. రెండూ తొమ్మిదీ పది దాకా నిలబడే ఉంటున్నాయి. బూట్లాయన రోజూ లోపలికొచ్చి మీసాలాయన భుజం మీంచి తొంగి చూస్తాడు. చూసినకొద్దీ ఇంకా చెడుతోంది. నిన్న పుస్తకం గోడకేసి కొట్టాడు. మీసాలాయన మీసం దువ్వుకుంటూ, "నేను పుట్టిన దగ్గర్నుంచి ఇలాంటి మొండి ఎలుకల్ని చూళ్ళేదండీ" అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను కుళాయి తిప్పేశాను.

నవ్వే సంగతి అదొక్కటే. లెక్క కుదరని జట్టుని ఉంచరు కదా. జట్టుకి నలభై. మత్తిచ్చి పడుకోబెట్టాక సంచీలో వేసి కొలిమి దగ్గరికి మోసేది నేనే. నువ్వెళ్ళాక అయిదు జట్లు మోశాను.

నీకేమైనా తెలుసా అమ్మాయ్? నువ్వు అడిగిన తీరు చూస్తే తెలిసే అడిగినట్టుంది.

తల దించుకున్న సంగతి రాశావు. మా ఇద్దరి జీతమూ ఆ గేటు లోపలే. అంతకన్నా ఏం చెప్పను?

మీ వదిన

*

పశువుల ఆసుపత్రి, వెనక గది
ఆదివారం

వదినకి,

తెలుసు. పదిహేడేళ్ళు ఆ గదిలో ఉండి తెలియకపోతే నేను మనిషినే కాదు.

మన గదిలో అందరం ఆడవాళ్ళం. గడ్డల పని మొదలెట్టిన మొదటి ఏడు ఆయన లోపలికి వచ్చేవాడే కాదు, బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చూసుకునేవాడు. పేరొచ్చాక, వచ్చినవాళ్ళకి చూపించడానికి గదిలోకి రావడం మొదలెట్టాడు. ఆయన వచ్చిన రోజు మంచి ఎలుకలు కూడా కాలు ఎత్తేవి కావు. ఒకరోజు ఆయన రాలేదు, కానీ కోటు కొక్కేనికి మరిచిపోయి వెళ్ళాడు. ఆ రోజూ అంతే. అప్పుడు అర్థమైంది. మగవాడి ఒంటి వాసనకి ఎలుకలు బెదురుతాయి. బెదిరిన జంతువు నొప్పిని పక్కన పెడుతుంది. ముందు ప్రాణం, తర్వాత కాలు. గడ్డ చేసే పని ఒక ఎలుకలో గడ్డ చేస్తుంది, ఇంకో ఎలుకలో భయం చేస్తుంది. ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది?

చెప్పబోయాను. "సార్, మీరు లోపలికొచ్చిన రోజు" అని మొదలెట్టాను. మణికట్టు పట్టుకున్నది అప్పుడే.

మొన్న ఇక్కడ ఇంకోసారి చూశాను. బండలు పరిచే మేస్త్రి తన కుక్కని తెచ్చాడు. కాలి ఎముకలో గడ్డ. మేస్త్రీ, ఆయన బావమరిదీ చెరో పక్కా అదిమిపట్టారు. డాక్టరమ్మ గడ్డ మీద నొక్కింది. కుక్క కిక్కురుమనలేదు. "నొప్పి లేనట్టుంది" అని మందు రాయకుండా కలం మూసింది. మగాళ్ళని బయటికి పంపమన్నాను. మేస్త్రి, "మా ఇంట్లో నాకు భయపడేది ఇదొక్కటే, దీన్ని కూడా నాకు కాకుండా చేస్తారా?" అన్నాడు. పంపించాం. కాసేపు నేలమీద దాని పక్కన ఊరికే కూర్చున్నాను. తర్వాత దుప్పటి కొస తగిలిందంతే, వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. డాక్టరమ్మ కలం మళ్ళీ తీసింది. మేస్త్రి వాకిట్లోనే చతికిలబడ్డాడు, "ఇన్నాళ్ళూ నొప్పి లేదనుకున్నాను" అంటూ.

ఇప్పుడు అసలు మాట. బూట్లాయన కోట్లు ఉతికేది నువ్వే కదా. ఒకటి ఉతక్కుండా ఉంచు. ఆయన రాని రోజు, మీసాలాయనకి సెలవైన రోజు, దాన్ని ఎలుకల అరల వెనక వేలాడదియ్యి. ఒక్క రోజు కూడా లెక్క కుదరకూడదు. ఎవరికీ చెప్పకు. అందరి ముందూ ఆయన లెక్క అబద్ధమని తేలాలి. నా చెయ్యి పైకెత్తినవాడు తల ఎత్తకూడదు.

ఈ ఒక్క పనీ చెయ్యి వదినా. నువ్వు తల దించుకున్నదానికి చెల్లు.

నీ మరదలు

*

పంజరాలు కడిగే గది
శుక్రవారం

మరదలికి,

చెప్పినట్టే చేశాను. కోటు అరల వెనకే ఉంది.

మీసాలాయన సెలవులో ఉన్న వారం రోజులూ పక్క గది నుంచి ఒకావిడ వచ్చి పోగులు ఆనించింది. ఆ లెక్కలు నేను చూడలేదు. బూట్లాయన మొహం మాత్రం ఇప్పుడు మాడిపోయి ఉంది. వేరే ఊరి వాళ్ళెవరో తామూ చేసి చూశామనీ, తేడా రాలేదనీ రాశారట. తేల్చడానికి పైనుంచి ముగ్గురు వస్తున్నారు. పై నెల మొదట్లో.

మీ అన్నయ్యకి దగ్గు. నాకు పని ఎక్కువగా ఉంది.

వదిన

*

పశువుల ఆసుపత్రి, మెట్ల మీద
సోమవారం

వదినకి,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. డాక్టరమ్మ, "ఏమిటమ్మా, లాటరీ తగిలిందా?" అంది.

ముగ్గురా! నేను ఒక్కరు వస్తే చాలనుకున్నాను. వాళ్ళు వచ్చిన రోజు కోటు సరిగ్గా అక్కడే ఉండాలి. వీలైతే రెండు కోట్లు. ఆయన నీళ్ళు నములుతాడు చూడు. ఏ పక్కకి తల తిప్పుకున్నాడో, నుదురు తుడుచుకున్నాడో లేదో, ఏం మాట్లాడబోయి మానేశాడో అన్నీ రాయి. ఒక్కటి వదిలినా ఊరుకోను. నేను అక్కడ లేకపోవడం ఒక్కటే నాకు కొరత.

అన్నయ్యకి వేడినీళ్ళు తాగమని చెప్పు.

నీ మరదలు

*

ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
గురువారం

అమ్మాయ్,

ముందు చివరిదాకా చదువు, తర్వాత చింపుకో.

నువ్వు చెప్పిన పని నేను ఒక్క రోజు కూడా చెయ్యలేదు. కోటు వేలాడదీశానని అబద్ధం రాశాను. ఆయన కోట్లు రెండేసిసార్లు వేడినీళ్ళలో ఉడకబెట్టి మరీ ఉతికాను. ఎందుకంటే, లెక్క చెడితే ఇంకో నలభై నా భుజం మీదికొస్తాయి. నీ కోపం బరువు నువ్వు ఉత్తరంలో మోస్తావు. నేను సంచీలో మొయ్యాలి. అవి నీకేం అపకారం చేశాయి?

ఇంకోటి. మీసాలాయన లేని ఆ వారం లెక్కలు చూళ్ళేదన్నాను కదా, అదీ అబద్ధమే. చూశాను. బూట్లాయన ఊళ్ళో లేడు, గదిలో ఆడమనిషి, ఉతికిన కోట్లు. మంచి ఎలుకలు ఆరుకి ఎత్తాయి, గడ్డవి తొమ్మిదికి. అచ్చం నీ లెక్కే. నీ చెయ్యి కనిపెట్టింది నిజం అమ్మాయ్. ఆయన తిరిగొచ్చి, ఆ ఒక్క వారం ఎలా కుదిరిందో అర్థంకాక జుట్టు పీక్కుంటున్నాడు.

అసలు భయపడాల్సిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. మొన్న నేను కోట్లు తీసుకెళ్ళినప్పుడు ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఆ పాత లెక్కలన్నీ ఒక పనిమనిషి తీసుకున్నవి. ఆమె చేతిలో నిలకడ లేదని నేనే గుర్తించి పంపేశాను. ఆధారం ఉంది" అన్నాడు. అర్థమైందా? ముగ్గురూ వచ్చి అబద్ధమని తేలిస్తే, ఆ అబద్ధం నీ మీదికి నెట్టేసి తను దులుపుకుని వెళ్ళిపోతాడు. నీకిచ్చిన ఆ కాగితమే ఆయనకి గొడుగు. నువ్వు నోరు మూసుకుని పగ తీర్చుకుంటున్నాననుకుంటున్నావు, ఆయనకి కావలసింది కూడా నువ్వు నోరు మూసుకోవడమే.

తిట్టాలనుంటే తిట్టు. కానీ తొందరగా తిట్టు, పన్నెండు రోజులే ఉంది.

వదిన

*

పశువుల ఆసుపత్రి, వెనక గది
శనివారం

వదినకి,

నాతో అబద్ధమాడావు. అది నేను మర్చిపోను. ఇంటికొస్తానని ఎదురుచూడకు.

చెప్పినది చెయ్యి. గది బయట గాజు బీరువాలో నీలం అట్ట పుస్తకాలుంటాయి. ఎడమ నుంచి అయిదోది, ఆరోది. మార్జిన్‌లో కొన్ని తేదీల పక్కన చిన్న బూటు బొమ్మలుంటాయి. ఆయన లోపలికొచ్చిన ప్రతిరోజూ వేశాను. కోటు మరిచిపోయిన రోజు కొక్కెం బొమ్మ ఉంటుంది. ఆయన ఒకసారి చూసి, "బొమ్మలు గీసుకోవడానికేనా నీకు జీతం?" అన్నాడు. ఏం బొమ్మో చూసుకోలేదు.

ఆ రెండు పుస్తకాలూ వచ్చిన ముగ్గురిలో పెద్దవాళ్ళెవరో చూసి వాళ్ళ చేతుల్లోనే పెట్టు. ఆయన చేతికి కాదు. బూటు ఉన్న రోజులు ఒక పక్క, లేని రోజులు ఒక పక్క లెక్క వెయ్యమను. నీకు భయమైతే చెప్పు, నేనే గేటు దూకి వస్తాను.

నన్ను రమ్మంటే మూడు షరతులు. పోగులు నేనే ఆనిస్తాను. నేను పని చేసినంతసేపూ ఆయన తలుపు బయట, అద్దం ముందు నిలబడి చూడాలి. ఆ కాగితం ఇచ్చిన చేత్తోనే ఇంకో కాగితం రాయాలి.

ఈసారి తల దించుకోకు.

*

పంజరాలు కడిగే గది
మంగళవారం

అమ్మాయ్,

దించుకోలేదు.

ముగ్గురిలో పెద్దావిడ చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. వరండాలో ఎదురెళ్ళి పుస్తకాలిచ్చాను. కాళ్ళు వణికాయి, నిలకడ లేదని నాకూ ఒక కాగితం ఇస్తారేమో అనుకున్నాను. బూట్లాయన, "ఏయ్, నువ్వు కడిగే గదిలోకి పో" అన్నాడు. కర్రావిడ, "ఉండనివ్వండి, ఈ బొమ్మ ఏమిటమ్మా?" అని నన్ను అడిగింది. "బూటండీ" అన్నాను. "ఎవరి బూటు?" అంది. నేను నోటితో చెప్పలేదు, కిందికి చూశాను. ఆవిడా కిందికి చూసింది. వరండాలో ఉన్నవాళ్ళందరం ఆయన కాళ్ళకేసి చూశాం.

అక్కడే బల్ల లాక్కుని కూర్చుని లెక్క వేశారు. బూటు లేని రోజులు డెబ్భై ఒకటి, అన్నిట్లో తేడా ఉంది. బూటు ఉన్న రోజులు ముప్పై రెండు, ఒక్కదాంట్లోనూ లేదు. కొక్కెం ఒకటి, దాంట్లోనూ లేదు. కర్రావిడ, "ఇది రాసినామె ఎక్కడ?" అంది. ఆయన, "వెళ్ళిపోయింది" అన్నాడు. "పంపేశారండీ" అన్నాను నేను. 

షరతులు మూడూ చెప్పాను. రెండోదానికి ఆయన మొహం ఎర్రబడింది. "నా గది నుంచి నన్నే బయట నిలబెడతారా?" అన్నాడు. కర్రావిడ, "పుస్తకం అలాగే అంటోంది మరి" అంది.

గురువారం పొద్దున్నకి రమ్మన్నారు. రా.

వదిన

*

ఇంట్లో
ఆదివారం

అమ్మాయ్,

గేటు దగ్గరే బస్సెక్కేశావు. మీ అన్నయ్య కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు నీకోసం. సరే, నీ కోపం నీది.

బయట సంగతి ఒక్కటీ వదలకుండా రాయమన్నావు కదా, రాస్తున్నాను. నన్ను ఆయన పక్కనే నిలబెట్టారు, లోపలికి ఏమైనా కావాలంటే అందించడానికి. గుమ్మం దగ్గర కర్రావిడ, "బూట్లు కూడా విప్పండి, ఆ వాసన సందుల్లోంచి పోతుందేమో" అంది. విప్పాడు. ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిరుగు ఉంది. ఆ చల్లటి గచ్చు మీద కాలు మార్చి కాలు వేసుకుంటూ నిలబడ్డాడు. కుర్చీ తెమ్మనలేదు, ఎవరూ ఇస్తామనలేదు. నుదురు నాలుగుసార్లు తుడుచుకున్నాడు. ఎలుకలు కుదురుకోవడానికి రెండు గంటలు పడుతుందని నువ్వు లోపలికెళ్ళే ముందు చెప్పావట. ఆ రెండు గంటలూ అలాగే. వచ్చేపోయేవాళ్ళు, "ఏంటి సార్ బయటున్నారు?" అని అడిగారు. మొదటి ఇద్దరికీ ఏదో చెప్పాడు. మూడో మనిషి మీసాలాయన. ఆయన్ని మాత్రం ఏమీ అనకుండా పక్కన నిలబెట్టుకున్నాడు. మీసాలాయన నా చెవిలో, "నా తప్పేం లేదన్నమాట, నా వాసనదే తప్పు" అన్నాడు. ఆయన విన్నాడు, నవ్వలేదు.

నువ్వు పోగులు తీశాక అద్దానికి మొహం ఆనించేశాడు. మంచి ఎలుక ఆరుకి కాలు లాక్కున్నప్పుడు ఆయన ఊపిరితో అద్దం మసకబారింది, చేత్తో తుడుచుకుని మళ్ళీ చూశాడు. అమ్మాయ్, నిజం చెప్తున్నాను, ఆ నిమిషం నాకు కొంచెం జాలేసింది. ఆయన వెతుకుతున్నది అదే కదా ఇన్నాళ్ళూ.

జట్టుని ఉంచేశారు. ఈ వారం సంచీ ఖాళీ.

వదిన

*

పశువుల ఆసుపత్రి, మెట్ల మీద
బుధవారం

వదినకి,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చిరిగిన మేజోడు దగ్గర మాత్రం ఇంకో రెండుసార్లు.

లోపల సంగతి నీకు తెలియదు కదా. ఇరవై ఎలుకలు. పది మంచివి, పది గడ్డవి, ఏది ఏదో నాకు చెప్పకుండా కర్రావిడే వరస మార్చి పెట్టింది. ఇరవైలో ఇరవై కుదిరాయి. చివరిది అయ్యాక ఆవిడ, "ఇంత తెలిసి ఆయనకెందుకు చెప్పలేదు?" అంది. "చెప్పబోతే చెయ్యి పట్టుకున్నారండీ" అన్నాను. తర్వాత అద్దం దగ్గరికి వెళ్ళి, ఆయన పైకెత్తి చూపించిన చెయ్యినే పైకెత్తి, పన్నెండో పోగు పట్టుకుని అద్దానికి ఆనించాను. అది వంగింది, వంగినట్టే ఉంది, ఇసుమంత కూడా కదల్లేదు. ఎంతసేపు ఉంచానో నువ్వు చూశావు. చూపు తిప్పుకున్నది ఆయనే.

రెండో కాగితం వచ్చింది. "చేతిలో లోపం లేదు" అని రాశాడు. తప్పు నాది అని రాయలేదు. పాత కాగితం పక్కనే పెట్టెలో పెట్టాను. ఉద్యోగం మళ్ళీ ఇస్తామన్నారు. డాక్టరమ్మని అడిగి చెప్తానన్నాను. మేస్త్రి కుక్కకి నొప్పి మందు నా చేతి మీదుగానే వెయ్యాలి, అది ఇంకెవరినీ దగ్గరికి రానివ్వదు. ఎన్నాళ్ళో బతకదు. అది పోయాక ఆలోచిస్తాను.

నీకు జాలేసిందన్నావు. నువ్వు నాకు అబద్ధం చెప్పావు కాబట్టి, నేనూ నీకొకటి నిజం చెప్పి చెల్లు వేస్తాను. ఎవరితోనూ అనకు, అన్నయ్యతో కూడా.

జల్లెడ మీద ఎలుకలు కుదురుకోవడానికి అరగంట చాలు. మిగతా గంటన్నరా నేను ఊరికే కూర్చున్నాను, అద్దంలోంచి ఆయన కాళ్ళు చూస్తూ.

నీ మరదలు